కొత్త బేరగాడు – పాత పద్ధతి



ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని, దానివలన నేర్చుకొన్న సంగతిని మీతో చెప్పదలచాను. తప్పు నాది; నష్టము మాత్రము మా సంఘములోని ఒక రైతు కుటుంబమునకు కలిగినది. వారి అనుమతి తీసికొని, పేర్లు చెప్పకుండా వ్రాయుచున్నాను.

కిన్నెరసాని అవతల అడవి అంచున ఉన్న చిన్న గ్రామము వారిది. రెండెకరాల మిర్చి, కొంచెం పత్తి, ఒక జత ఎడ్లు, మూడేళ్ల క్రిందట కొన్న మోటారు సైకిలు – ఇదే వారి ఆస్తి. పెద్దమ్మాయికి ఖమ్మములో నర్సింగ్ సీటు వచ్చింది. మిర్చి అమ్మి, అప్పులు తీర్చగా బ్యాంకులో 41,000 రూపాయలు మిగిలినవి. ఫీజుకు, హాస్టలుకు అది చాలదు. "బండి అమ్మేద్దాం. నేను సైకిలు మీద పోతా" అన్నాడు తండ్రి. ఇంటర్మీడియట్ చదువుతున్న కొడుకు బండికి నాలుగు ఫోటోలు తీసి, పాత సామాను అమ్ముకొనే యాప్ ఒకదానిలో 48,000 రూపాయల ధరకు పెట్టాడు.

గంట తిరగకముందే ఫోన్ వచ్చింది. హిందీ కలిసిన తెలుగు. "నేను సీఆర్పీఎఫ్ జవానును. చర్ల వైపు క్యాంపులో ఉన్నాను. బండి నచ్చింది" అన్నాడు. బేరమాడలేదు. యూనిఫారములో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో పంపాడు. మన ప్రాంతములో చర్ల, దుమ్ముగూడెం దారిలో క్యాంపులు ఉన్న సంగతి పిల్లవాడికి కూడా తెలుసు. అందుచేత ఎవరికీ వింతగా తోచలేదు. ఒక్కటే – ఆ యాప్‌లో అతని పేరు క్రింద, ఈ నెలలోనే చేరినట్లు చిన్న అక్షరాలలో ఉన్నది. కొడుకు అది చూసి తండ్రికి చెప్పాడు. తండ్రి నాకు ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, కొనేటాయన కొత్త మనిషి. ఖాతా కూడా మొన్ననే తెరిచిండంట. నమ్మొచ్చా?"

నేనేమన్నాను? "కొత్తవాడని అనుమానించడం మనకు తగదు. ఇల్లు వాకిలి విడిచి అడవిలో కాపలా కాస్తున్న పిల్లవాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండా ఇచ్చేయండి" అన్నాను. అప్పుడు నేను ఒక పెండ్లి పనిమీద ఉన్నాను. రెండు నిమిషములు కూడా ఆలోచించలేదు.

అయ్యగారు చెప్పినారు గనుక వారు నమ్మినారు. క్యాంపు నుండి తాను బయటకు రాలేనని, డబ్బు ముందే పంపి తన తోటివాడిని బండి కోసం పంపుతానని అతడన్నాడు. మొదట పరీక్షగా 5 రూపాయలు పంపాడు. అవి వచ్చినవి. నమ్మకము కుదిరింది. తరువాత, మనవాళ్లు "స్కానర్" అని పిలిచే ఆ నలుపు తెలుపు చదరపు బొమ్మను పంపి, "దీన్ని స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, సగం డబ్బు 24,000 మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. పిల్లవాడు అలాగే చేశాడు. 24,000 పడలేదు, పోయినవి. కంగారుపడి ఫోన్ చేస్తే, "అరే, పొరపాటైంది. మా క్యాంపు ఖాతా పద్ధతి వేరు. ఇంకొకటి పంపుతున్నాను, రెండూ కలిసి తిరిగి వస్తాయి" అన్నాడు. రెండవసారి 15,000 పోయినవి. ఆ తరువాత ఆ నంబరు మ్రోగలేదు. ఖాతాలో 2,005 రూపాయలు మిగిలినవి. ఆ చివరి అయిదు రూపాయలు అతను పంపినవే.

సిగ్గుచేత రెండు రోజులు వారు ఎవరికీ చెప్పలేదు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తండ్రి ఒక్కడే గుడి మెట్ల దగ్గర నిలబడి సంగతి చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనియుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మోసము ఎక్కడ జరిగింది?

ఆ రోజు సాయంత్రము కూర్చొని విషయమంతా తెలిసికొన్నాను. ముందుగా ప్రతి ఇంటిలోను తెలియవలసిన మాట ఒకటి కలదు. యూపీఐ పద్ధతి మన దేశములో 2016లో వచ్చింది. అందులో పిన్ అనునది మన సంతకము వంటిది. మన ఖాతాలో నుండి డబ్బు బయటకు పోవుటకు అది అవసరము. మనకు డబ్బు వచ్చుటకు పిన్ అక్కరలేదు, స్కాన్ చేయ అక్కరలేదు, అంగీకారపు బటను నొక్క అక్కరలేదు. ఎవరైనా "డబ్బు తీసికొనుటకు పిన్ కొట్టండి" అన్నాడంటే, అతడు జవానైనా, కలెక్టరైనా, మీ స్వంత మేనల్లుడైనా, ఆ మాట అబద్ధము. ఇంటిలోని ముసలివారికి కూడా ఈ ఒక్క వాక్యము కంఠస్థము చేయించండి.

మునుపు స్కానర్ పంపడమే గాక, "ఇంత డబ్బు ఇమ్ము" అని అడిగే అభ్యర్థనను మన ఫోన్‌కు పంపి, దానిని డబ్బు వచ్చే సందేశముగా నమ్మించి పిన్ కొట్టించేవారు. ఇటువంటి మోసములు పెరిగినందున, ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అటువంటి అభ్యర్థన పంపే సదుపాయమును నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసినది. ఒక తలుపు మూసిరి. స్కానర్ అనే తలుపు తెరిచేయున్నది. అది అంగడిలో రోజూ మనకు కావలసినది గనుక మూయలేరు. కాబట్టి జాగ్రత్త మన వ్రేలిలోనే ఉండవలెను.

"మేము చదువురానివాళ్లం కాబట్టి మోసపోయినం" అని ఆ తండ్రి అన్నాడు. అది నిజము కాదు. 2021 ఫిబ్రవరిలో, అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి గారి కుమార్తె ఒక పాత సోఫాను ఇదే విధముగా అమ్మకానికి పెట్టగా, కొనేవాడు మొదట చిన్న మొత్తము పంపి నమ్మించి, తరువాత కోడ్ స్కాన్ చేయించి 34,000 రూపాయలు లాగినాడు. ఆమె బాగా చదువుకొన్నది. ఆ కేసులో పోలీసులు ముగ్గురిని పట్టుకొన్నారు. మన అడవి గ్రామములోను, ముఖ్యమంత్రి ఇంటిలోను ఒకే ఎత్తు పారింది. చిన్న మొత్తపు ఎర కూడా ఒక్కటే. చదువు లేకపోవుట ఇక్కడ కారణము కాదు. అమ్మవలసిన తొందర, ఎదుటివాడి గౌరవమైన వేషము, "అనుమానిస్తే బాగుండదేమో" అనే మొహమాటము – ఈ మూడు కలిసినచోట ఎవరైనా పడుదురు.

కొత్త ఖాతా అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఖాతా తెరిచి నాలుగు రోజులైనా కాని మనిషికి విలువైన వస్తువు అమ్మవచ్చునా? ఈ చిక్కు మన జిల్లాలో పుట్టినది కాదు. ముఖము చూడని మనుష్యుల మధ్య ఇంటర్నెట్టులో వ్యాపారము మొదలైన నాటినుండి ఉన్నది. అమెరికాలో 1995లో ఈబే అనే అంగడి మొదలైనది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1996లో, కొన్నవారు అమ్మినవారు ఒకరిని గూర్చి ఒకరు మంచిచెడ్డలు వ్రాసే ఏర్పాటు అక్కడ చేసిరి. ఊరిలో "వాడు మాట మీద నిలబడే మనిషి" అని నలుగురు చెప్పుకొనే మాటకు అది బదులు. అయితే 2008 నుండి అమ్మేవారు కొనేవారిని గూర్చి చెడుగా వ్రాయుటకు వీలులేకుండా అక్కడ నియమము మార్చిరి. అమ్మేవారు కక్షకొద్దీ వ్రాయుచున్నారని అందుకు కారణము చెప్పిరి. అందువలన కొనేవాడి గుణమును తెలిసికొనే దారి ఇంకా సన్నగిల్లినది.

దీనిని గూర్చి ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఒక వ్యాసము ప్రకటించిరి. దాని సారము మన మాటలలో ఇది: పేరు మార్చుకొనుట ఎక్కడ చౌకగా ఉండునో, అక్కడ చెడ్డపేరు తెచ్చుకొన్నవాడు దానిని విడిచి కొత్తపేరుతో మరల వచ్చును. అందుచేత కొత్తగా వచ్చిన ప్రతివానిని జనులు అనుమానింతురు. దొంగ చేసిన పనికి నిజాయితీగల కొత్తవాడు మూల్యము చెల్లించును.

ఊరిలో పేరు మార్చుకొనుట చౌక కాదు. మోసము చేసినవాని పేరు వాని తండ్రి పేరుతో, ఇంటిపేరుతో కలిసి నలభై ఏండ్లు నిలుచును. ఫోనులో అలా కాదు. ఒక సిమ్ము, ఒక ఫోటో ఉంటే పది నిమిషములలో కొత్త మనిషి పుట్టును. 2023 ఏప్రిల్ చివరలో హర్యానాలోని నూహ్ జిల్లాలో సుమారు 5,000 మంది పోలీసులు ఒకేసారి 14 గ్రామములను సోదా చేసి, ఇటువంటి మోసముల ముఠాలను పట్టుకొన్నారు. దేశమంతటా దాదాపు 28,000 మంది వారిచేత మోసపోయినట్లు పోలీసులు చెప్పిరి. ఇతరుల పేర్లమీద తీసిన సిమ్ములు, ఇతరుల పేర్లమీద తెరిచిన బ్యాంకు ఖాతాలు వారి పనిముట్లు. మన వాకిట్లోకి వచ్చిన "జవాను" అలాటి చోటు నుండి మాట్లాడినవాడై యుండవచ్చును. అతనికి చర్ల ఎక్కడ ఉన్నదో మ్యాపు చూస్తే తెలియును.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త. కొత్త ఖాతా ఉన్న ప్రతివాడు దొంగ కాడు. మొదటి జీతముతో మొదటి ఫోను కొనుక్కొన్న కోయ యువకుడి ఖాతా కూడా కొత్తదే. మొన్న భర్తను పోగొట్టుకొని, ఇప్పుడిప్పుడే తన పేర ఖాతా తెరిచిన అక్క ఖాతా కొత్తదే. అలాగని పాత ఖాతాయైతే భయము లేదనుకొనుట కూడా పొరపాటే. పాత ఖాతాలను దొంగిలించువారు, బాడుగకు తీసికొనువారు ఉన్నారు. ఖాతా వయస్సు మనిషి గుణమును చెప్పదు. మనము మెలకువగా ఉండవలెనని మాత్రమే చెప్పును.

మన సంతలో తెలిసిన పాఠమే

ఈ సంగతి ఆలోచిస్తుండగా నాకు మా తండ్రి జ్ఞాపకమునకు వచ్చినాడు. నా చిన్ననాడు ఆయన ఒక ఎద్దును సంతకు తోలుకొనిపోయినాడు. నన్ను వెంట తీసికొనిపోయినాడు. గోదావరి అవతలి నుండి వచ్చిన మనిషి ఒకడు బేరానికి వచ్చాడు. భాష సగమే అర్థమయ్యేది. ఆ సంతలో అతనిని ఎరిగినవారు లేరు. తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని ధర తేల్చుకొన్నారు. మా తండ్రి అతనిని వెళ్లగొట్టలేదు, అనుమానముగా చూడలేదు. చింతచెట్టు క్రింద కూర్చోబెట్టి, మా సద్దిమూట విప్పి అతనికి కూడా పెట్టాడు. అన్నము తిన్న తరువాత ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, వారి ఎదుట నోట్లు లెక్కపెట్టించాడు. ఒకసారి తాను, ఒకసారి వారు. సంత చీటీ వ్రాయించాడు. అంతవరకు ఎద్దు పలుపు ఆయన ఎడమచేతికి చుట్టియే యున్నది. అన్నీ అయిన తరువాత పలుపు విప్పి ఆ మనిషి చేతిలో పెట్టాడు.

అన్నము పెట్టినాడు, డబ్బు లెక్కపెట్టుకొన్నాడు. రెండింటిలో ఏదీ మానలేదు. నేను మా సంఘస్థునికి ఇచ్చిన సలహాలో అన్నము పెట్టుట ఉన్నది గాని లెక్కపెట్టుకొనుట లేదు. నా తప్పు అదే.

ఈ ప్రాంతములో తెలియని కొనుగోలుదారునివలన నష్టపోవుట కొత్త కాదు. అడవిలో చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు ఏరి సంతకు తెచ్చిన గిరిజనులను బయటి వ్యాపారులు తూనికలోను, ధరలోను, అప్పులోను మోసగించుచుండిరి. దానిని ఆపుటకే 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించిరి. ఆనాడు అడవి సరుకు సరిగా తూచి, సరియైన ధర ఇచ్చే చోటు ఒకటి ఉండవలెనని కోరిరి. అమ్మేవానిని కాపాడునది కొనేవాని మంచితనము మాత్రమే కాదు; తక్కెడ, సాక్షి, చీటీ కూడా కాపాడును.

ఆదికాండము 23వ అధ్యాయములో అబ్రాహాము చేసిన కొనుగోలు మీరెరిగినదే. అక్కడ కొత్తవాడు అమ్మేవాడు కాదు, కొనేవాడు. హెబ్రోనులో అబ్రాహాము పరదేశి. ఆ దేశములో అతనికి సెంటు భూమి లేదు. భార్య చనిపోయి దుఃఖములో ఉన్నాడు. పొలము ఊరకే తీసికొమ్మని ఎఫ్రోను అన్నప్పటికీ అతడు ఒప్పుకొనలేదు. ధర చెప్పించుకొని, వర్తకులలో చెల్లే వెండి 400 తులములు, ఊరి గవినియొద్ద అందరి యెదుట తూచి యిచ్చాడు. అప్పుడే మక్పేలా పొలము, గుహ, చెట్లతో సహా అతనికి స్థిరపడినవి. చూడండి, నిజాయితీగల కొత్తవాడు తక్కెడకు భయపడలేదు. తానే తక్కెడను కోరినాడు. సాక్షులను చూచి నొచ్చుకొనలేదు. సాక్షులు ఉండుటే తనకు మేలు అనుకొన్నాడు.

ఇదే నేను చెప్పదలచిన ఒక్క మాట. కొత్తవాడిని ద్వేషింపకండి, పద్ధతిని సడలింపకండి. మంచివాడు పద్ధతికి లోబడును. పద్ధతి మాట ఎత్తగానే కోపగించేవాడు, తొందరపెట్టేవాడు, తన ఉద్యోగమును అడ్డము పెట్టుకొని "నన్నే అనుమానిస్తారా" అనేవాడు – తానెవరో తానే చెప్పుకొన్నాడు.

విలువైనది అమ్మునప్పుడు

బండిగాని, ఆయిల్ ఇంజనుగాని, కుట్టుమిషనుగాని, గుడిలో వాడిన కీబోర్డుగాని, ఏది అమ్మినను ఈ పద్ధతి పాటించండి.

మొదటిది, మనిషిని చూడకుండా అమ్మకండి. పగటిపూట, నలుగురు తిరిగే చోట కలవండి. మీ బ్యాంకు శాఖ అన్నిటికంటె మంచి చోటు. అడవి అంచున ఉన్న ఇంటికి తెలియనివారిని రమ్మనకండి. స్త్రీలు ఒంటరిగా పోకూడదు. ఒక పెద్దవారిని వెంట తీసికొనిపోవలెను. క్యాంపులోనుండి బయటకు రాలేనని చెప్పేవాడు నిజముగా జవానే కావచ్చును. అయినను అతనికి సెలవు దొరికినప్పుడు అమ్మవచ్చును. బండి పారిపోదు.

రెండవది, డబ్బు వచ్చినదని ఎదుటివాడి ఫోను చూచి నమ్మకండి. పచ్చని టిక్కు గుర్తు చూపే నకిలీ యాప్‌లు ఉన్నవి. బ్యాంకు పంపినట్లు కనబడే దొంగ మెసేజ్‌లు ఉన్నవి. మీ ఫోనులో, మీ యాప్ తెరిచి, మీ ఖాతాలో మొత్తము ఎంత ఉన్నదో చూడండి. అర్థము కాకపోతే పాసుబుక్కు అచ్చు వేయించండి. బ్యాంకు దగ్గర కలవమన్నది అందుకే.

మూడవది, ఎవరి ఖాతానుండి డబ్బు వచ్చినదో ఆ పేరు చూడండి. కొనేవాడు ఒకడు, డబ్బు పంపినవాడు వేరొకడు అయితే ఆగండి. మోసగాండ్లు ఒక చోట దోచిన సొమ్ముతో మరొక చోట వస్తువులు కొందురు. దోపిడికి గురియైనవారు ఫిర్యాదు చేసినప్పుడు, పోలీసులు ఆ సొమ్ము వెంట పోయి, అది చేరిన ఖాతాలను ఆపివేయుదురు. అందులో మీ ఖాతా ఉంటే, తప్పు చేయకపోయినను మీ డబ్బు నెలల తరబడి చిక్కుకొనును. కొనేవాని స్వంత పేరుమీద ఉన్న ఖాతానుండియే డబ్బు తీసికొనవలెను.

నాలుగవది, ఎక్కువ పంపాను, మిగిలినది తిరిగి పంపండి అన్నా పంపకండి. రవాణా ఖర్చు, గేటు పాసు ఖర్చు ముందు మీరు కట్టండి అన్నా కట్టకండి. అమ్మేవాని చేతినుండి డబ్బు బయటకు పోవలసిన అమ్మకము లోకములో లేదు.

అయిదవది, బండియైతే కాగితము మార్చకుండా తాళము ఇవ్వకండి. ఫారము 29, ఫారము 30 నింపి సంతకములు చేసి, కొనేవాని ఆధార్ ప్రతి తీసికొని, అమ్మిన తేదీ, గంట వ్రాసి సాక్షి సంతకము పెట్టించండి. అమ్మినవాడు 14 రోజులలో రవాణా శాఖకు తెలియజేయవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో వారే చట్టము దృష్టిలో యజమాని అని, ప్రమాదము జరిగితే నష్టపరిహారపు బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తీర్పు చెప్పినది. మనకు ఇంకొక భయము కూడా ఉన్నది. ఆంధ్ర – ఒడిశా సరిహద్దు నుండి గంజాయి తరలించువారు భద్రాచలము దారిన పోవుచు పట్టుబడిన వార్తలు మనము చదువుచునే యున్నాము. మీ పేరుమీదనే ఉన్న బండి అటువంటి పనిలో దొరికితే, పోలీసులు మొదట వచ్చేది మీ వాకిటికే.

ఒకవేళ మోసపోతే?

సిగ్గుపడి ఊరకుండకండి. ఇది నేను మరీ మరీ చెప్పుచున్నాను. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. డబ్బు ఒక ఖాతానుండి మరొక ఖాతాకు మారుచు చివరకు నగదుగా బయటకు పోవుటకు కొంత సమయము పట్టును. ఆలోగా తెలిపితే దారిలో ఆపివేయగలరు. మొదటి గంట బంగారము వంటిది. తరువాత బ్యాంకుకు, పోలీసు స్టేషనుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మావారు రెండు రోజులు ఆలస్యము చేసిరి. వారి 39,000లో 6,000 మాత్రమే ఒక ఖాతాలో ఆగి దొరికినవి. అవి లోక్ అదాలత్ ద్వారా చాలా నెలలకు తిరిగి వచ్చినవి. మిగిలిన 33,000 పోయినవి.

తల్లిదండ్రులారా, మోసపోయిన పిల్లవానిని కొట్టకండి, తిట్టకండి. ఆ ఇంటిలో కొడుకు మూడు రోజులు అన్నము తినలేదు. "నా వ్రేలితోనే అక్క చదువు పోగొట్టినా" అని ఏడ్చినాడు. డబ్బు పోయినది చాలదా, పిల్లవాడిని కూడా పోగొట్టుకొందుమా?

అలాగే యౌవనస్థులకు ఒక మాట. "నీ బ్యాంకు ఖాతా నాలుగు నెలలు వాడుకోనివ్వు, నాలుగు వేలు ఇస్తాను" అని, "నీ ఆధార్ మీద సిమ్ము తీసి ఇవ్వు" అని అడిగేవారు పల్లెలకు కూడా వచ్చుచున్నారు. ఆ ఖాతాయే రేపు ఇంకొక తండ్రి మిర్చి డబ్బును మింగే నోరు. పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేర ఉన్నదో వారి కొరకే. మోసముతో సిమ్ము తీసికొనినవారికి మూడు సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టములో ఉన్నది. మీ పేర ఎన్ని సిమ్ములు ఉన్నవో ప్రభుత్వము వారి సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. మీది కానిది కనబడితే అందులోనే తెలుపవచ్చును.

ఆ బండి ఏమైనది?

అమ్మాయి చదువు ఆగలేదు. స్త్రీల సమాజము వారు తమ పొదుపులో నుండి అప్పుగా కొంత ఇచ్చిరి. నేను కూడా నా వంతు ఇచ్చాను. అది దానము కాదు, నా నోటి తొందరకు చెల్లించిన బాకీ.

బండిని మరల అమ్మకానికి పెట్టిరి. రెండవ వారములో ఫోన్ వచ్చింది. దుమ్ముగూడెం మండలములో కొత్తగా ఉద్యోగములో చేరిన కోయ యువకుడు. అతని ఖాతా వయస్సు నాలుగు రోజులు. కొడుకు ఆ చిన్న అక్షరాలు చూడగానే, "వద్దు నాన్నా" అని ఫోను పక్కన పెట్టినాడు. తండ్రి నాకు మళ్లీ ఫోన్ చేశాడు. నిజము చెప్పవలెనంటే, నాకు కూడా "వద్దు" అనాలనిపించింది. ఒకసారి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకొని త్రాగును గదా.

ఈసారి ఆలోచించి చెప్పాను. "వద్దనకండి. బ్యాంకు దగ్గరకు రమ్మనండి. పద్ధతి అంతా ముందే చెప్పండి. ఏమంటాడో వినండి."

ఆ పిల్లవాడు ఏమన్నాడో తెలుసా? "అట్లయితేనే మంచిది, నాకూ భయంగానే ఉంది. బండి దొంగదేమో అని మా మామ అంటున్నాడు" అన్నాడు. మనము అతనిని అనుమానించినట్లే, అతను మనలను అనుమానించుచున్నాడు! సోమవారము ఉదయము మామను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆర్సీ చూచుకొన్నాడు, ఇంజను నంబరు సరిచూచుకొన్నాడు. తన ఖాతానుండి 46,000 పంపాడు. తండ్రి లోపలికి పోయి పాసుబుక్కు అచ్చు వేయించుకొని వచ్చాడు. ఫారములమీద సంతకములు అయినవి. మామ, నేను సాక్షులము. అంతవరకు తాళము చెవి తండ్రి పిడికిటిలోనే యున్నది. అప్పుడు పిడికిలి విప్పి ఆ పిల్లవాని చేతిలో పెట్టాడు. తరువాత అందరము ఎదురుగా ఉన్న హోటలులో టీ త్రాగినాము. డబ్బులు తండ్రి ఇచ్చాడు.

అమ్మాయి ఇప్పుడు రెండవ సంవత్సరము చదువుచున్నది. తండ్రి ఇంకా సైకిలు మీదనే గుడికి వచ్చుచున్నాడు. ఎవరైనా సంఘములో వస్తువు అమ్మవలెనంటే ఇప్పుడు నన్ను అడుగరు, ఆ కొడుకును అడుగుదురు. అతడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "పైసలు మీ పాసుబుక్కులో చూసుకున్నరా?"

ప్రియులారా, మన వాకిటికి వచ్చే కొత్తవారికి మంచినీళ్లు ఇచ్చే చేతిని దేవుడు మనకు ఎల్లప్పుడు ఉంచును గాక. లెక్క పూర్తియగు వరకు పలుపు విడువని చేతిని కూడా అనుగ్రహించును గాక.